తిప్పక్క కాచిన పుట్టగొడుగుల చారు

తిప్పక్క అని ఒక కోడలుండె, ఎర్రమానుపల్లెలో. పుట్టింది ఆడ కాదంట, కొండపైన తేనెబండ అని పది గుడిసెల పల్లె, ఆడ పుట్టి ఆడ పెరిగింది. అడివిలో పెరిగిన పిల్ల గదా, దేనికీ బెదురు లేదు. దోవలో పాము అడ్డమొచ్చిందనుకో, మనమైతే ఊరంతా ఇనపడేట్ల కేకేస్తాము, ఆ పిల్ల "పో తల్లీ, నీ పని మీద నువ్వు పో" అని పక్కకి జరిగి నిలబడతాదంట. వాళ్ళమ్మ యల్లక్కకి అడివిలో తెలీని ఆకు లేదు, తెలీని గడ్డ లేదు. పుట్టగొడుగులంటే మరీ. ఉరిమిన మర్నాడు ఏ గట్టున ఏ పుట్టమీద ఏది లేస్తాదో ఇంట్లో కూచోనే చెప్పేదంట. యాభై రకాలు లేస్తే అందులో ఏడు తినేటివి, మిగతావి దండం పెట్టి వదిలేసి వచ్చేటివి. ఆ ఏడూ కూతురికి చెప్పింది. ఊరికే నోటిమాటతో చెప్పడం కాదు, ఏడేండ్లు వెంట తిప్పుకొని చెప్పింది, ఏడాదికొకటి. అందుకనే తిప్పక్కకి లోపల కొంచెం గర్వముండేది. నగల్లేకపోతే ఏమి, చదువు లేకపోతే ఏమి, నాకు తెలిసింది ఈ చుట్టుపక్కల ఇంకెవరికి తెలుసు అని. ఉండల్ల గదా మరి. మనిషన్నాక ఒక్కదానిమీదైనా గర్వముండల్ల, లేకపోతే నడుము ఎట్ల నిలబడతాది?

ఏమైందంటే, పెండ్లయి అత్తగారింటికొచ్చిన నెలకి ఆరుద్ర కార్తె వచ్చె. ఒక మాపటేళ ఉరిమి ఉరిమి వాన పడె. పొద్దున్నే ఆవుకి గడ్డి కోసుకొస్తానని పోయినాది తిప్పక్క. చేను గట్టున ఒక పుట్ట. ఆ పుట్టమీద తెల్లగా, పెండ్లిపందిట్లో చిన్నపిల్లోళ్ళు బంతికి కూచున్నట్ల, వరసగా పుట్టగొడుగులు. ఇంగ చూడు ఆ పిల్ల సంబరం! గడ్డి మర్చిపాయె, కొడవలి మర్చిపాయె, కొంగునిండా నింపుకొని నవ్వుకుంటా ఇంటికొచ్చినాదంట. అత్త పేరు ఓబులమ్మ. అరుగుమీద కూచోని రాగులు చెరుగుతాండె. కొంగులో ఏముందో చూసింది, అంతే. చాట ఆడ పడె, రాగులు ఈడ పడె. లేచొచ్చి ఆ కొంగు గుంజి, పుట్టగొడుగులన్నీ దిబ్బలో పారేసి, మడమతో తొక్కి తొక్కి మట్టిలో కలిపేసినాదంట. తొక్కేసి ఏమందంటే, "మే పిల్లా, నా ఇంట్లో ఇది పొయ్యెక్కిందంటే ఆ పొద్దే నువ్వు మీ కొండకి పో. మళ్ళ నా వాకిలి తొక్కొద్దు" అనె. తిప్పక్కకి ఏమీ అర్థం కాలే. మా అమ్మ మమ్మల్ని దీనితోనే సాకిందే, దీన్ని ఇట్ల తొక్కతాదా అని కండ్లలో నీళ్ళు తిరిగె.

మొగుడు కదిరప్ప మంచోడే. కొట్టంలో ఎద్దులకి నీళ్ళు పెడతా మెల్లిగా చెప్పినాడంట. ఏమంటే, నాకు మూడేండ్లప్పుడు మా నాయన పుట్టగొడుగుల కూర తిని చచ్చిపోయినాడు. వండింది మా అమ్మే. అప్పుట్నించి ఈ ఊర్లో ఎవరూ దాన్ని ముట్టరు, మా అమ్మ ముందర ఎవరూ దాని పేరెత్తరు. నువ్వు గూడా ఎత్తొద్దు అని. తిప్పక్కకి అత్తను చూస్తే జాలాయె. తనను చూసుకున్నా జాలాయె, చెప్పొద్దూ! మూడేండ్లు నోరు మూసుకున్నాది. వానొచ్చినప్పుడల్లా ఆ పుట్ట దగ్గరికి పోయేది, కూచోని చూసేది, వట్టి కొంగుతో తిరిగొచ్చేది. అవి లేచి, విచ్చుకొని, వాడి, పురుగులు పట్టి పోయేవి. తెలిసిన విద్య అట్ల కండ్లముందర కుళ్ళిపోతాంటే ఎట్లుంటాదో, మీలో ఎవరికన్నా చేతిపని తెలిసుంటే వాళ్ళకి తెలుస్తాది.

ఇట్ల ఉండంగా, ఒక ఏడు కార్తీకంలో ముసురు పట్టె. మామూలు ముసురు కాదది. సూర్యుడు మొహం చూపించి తొమ్మిది దినాలాయె. కోసి కుప్పేసిన రాగి వెన్నులు కల్లంలోనే మొలకలెత్తె. కోళ్ళు రెక్కల్లో తల పెట్టుకొని అట్లనే బిగుసుకొని చచ్చిపాయె. గాలి ఎట్ల కొడతాండె అంటే, గొంగడి మీద గొంగడి కప్పుకున్నా ఎముకల్లో సూదులు గుచ్చినట్ల. ఓబులమ్మ ఊరుకునే మనిషి కాదు గదా, రాగి కుప్ప తడిసిపోతాందని పొద్దంతా కల్లంలో నిలబడి తాటాకులు కప్పింది. కుప్పైతే సగం మిగిలింది గానీ ఆయమ్మకి చలి పట్టుకునె. మూడు గొంగళ్ళు కప్పినారు, నిప్పుల కుంపటి పెట్టినారు, అయినా వణుకే. ఆ వణుక్కి మంచం కోళ్ళు నేలమీద టకటకా కొట్టుకుంటాండె అంట. సంగటి గొంతు దిగలే. గంజి పోస్తే బయటికొచ్చె. మిరియాల కషాయం పోస్తే అదీ బయటికొచ్చె. నాటువైద్యుడుండేది ఏటికి అవతల ఊర్లో, ఏరేమో రెండు గట్లూ నిండి పారతాండె. మూడో దినానికి మనిషి పెదాలు నీలమాయె, కండ్లు లోపలికి పాయె. పక్కింటి అంకాలమ్మ వచ్చి చూసి, తల ఊపి, "ఇంగ చుట్టాలకి చెప్పి పంపండి నాయనా" అనేసి పాయె. పంపేదానికి మాత్రం దోవ యాడుండాది?

తిప్పక్క పొయ్యి ముందర కూచోని ఆలోచన చేస్తాండాది. కొండమీద చలి దీనికి నాలుగింతలుంటాది. ఆ చలిలో మా అమ్మ పుట్టగొడుగుల చారు కాచి పోస్తే, ముసిలోళ్ళు గూడా గొంగడి తీసి పక్కన పెట్టేవాళ్ళు. గంజి నిలవని కడుపులో గూడా అది నిలుస్తాది. నాకు తెలుసు. తెలిసి ఊరుకుంటే ఎట్ల? పోయి కదిరప్పతో చెప్పినాది. ఆయప్ప చానాసేపు గడ్డం గోక్కొని, "చేస్తే చెయ్యిగానీ, మేకకాళ్ళ చారని చెప్పి తాపించు. ఇప్పుడు మా అమ్మ నాలిక్కి రుచి యాడ తెలుస్తాది" అన్నాడంట. మనమైతే సరేననేవాళ్ళమే. తిప్పక్క ఏమందంటే, "దొంగచాటుగా తాపించేదానికి నేనేమన్నా విషం పెడతాండానా? మా అమ్మ పేరు చెప్పుకొని వండతా. మీ అమ్మ కండ్లు తెరుచుకొని తాగల్ల. అట్లయితే సరి, లేదంటే వద్దు." అదీ మాట!

గొంగడి తలమీదుగా కొప్పెరేసుకొని, చిన్న గడ్డపార, చాట తీసుకొని, ఆ వానలోనే పుట్ట దగ్గరికి పోయినాదంట. ఉండాయా లేవా అని దోవ పొడుగునా అనుకుంటానే నడిచె, కాలం దాటిపోతాండాది గదా. పోయి చూస్తే, ఉండాయి. శానా లేవు, ఇరవయ్యో ముప్పయ్యో, ఇంకా గొడుగు విప్పనివి, మొగ్గలు. చుట్టుపక్కల ఇంకా ఏవేవో తెల్లవి లేచి ఉండె, వాటి మొహం గూడా చూడలే. పుట్టమీద ఉండేవాటి చుట్టూ మట్టి కదిలించి, ఒక్కోదాన్ని వేరుతో సహా, పసిబిడ్డను ఊయలలోంచి ఎత్తినట్ల ఎత్తినాదంట. చాటలో పెట్టుకొని, తెచ్చి నేరుగా అత్త మంచం ముందర పెట్టె.

ఓబులమ్మ కండ్లు తెరిచి చూసె. అరిచేదానికి బలం యాడుండాది పాపం? "చంపను తెచ్చినావామే?" అన్నిందంట, అంతే. తిప్పక్క కింద కూచోని చెప్పినాది, "అత్తా, నీ మాట మూడేండ్లు దాటలే. ఈ పొద్దు దాటతాండా, నీకు చెప్పే దాటతాండా. నీ ముందరే వండతా, ముందు నేను తాగతా. నువ్వు చూడు. నాకేమీ కాకపోతే నువ్వు తాగు. ఆ తర్వాత నన్ను కొండకి పొమ్మంటే పోతా" అనె. ఓబులమ్మ తల అడ్డంగా ఊపె. "ఆయన గూడా తిన్న పొద్దు బాగనే ఉన్నాడు. నవ్వతా నిద్రపోయినాడు. మర్నాడు గదా కడుపునొప్పి పట్టింది." "అట్లయితే రేపు ఇదే వేళ దాకా చూడు." "నీకేమన్నా అయితే?" "అయ్యేటట్లుంటే నేనెందుకు తాగతానత్తా? నాకేమన్నా చావాలని ఉండాదా? కల్లంలో అంత పని పడుంటే!" అన్నిందంట. అంత చలిజరంలోనూ ఆ మాటకి ముసిల్దాని పెదవి కొంచెం కదిలిందంట. అది నవ్వో వణుకో కదిరప్పకి తెలీలే.

ఇంగ వంట చూడండి. తడి కట్టెలు, ఒకటే పొగ. అటకమీద దాచిన పిడకలు, టెంకాయ చిప్పలు దించి మంట చేసింది. అత్త మంచానికి కనపడేట్ల పొయ్యి ఈ పక్కకి జరిపించుకునె. పుట్టగొడుగుల్లో సగం చాటలోనే ఉంచి, మిగతావాటిని పసుపునీళ్ళలో ముంచి, మట్టిని వేలితో తుడిచె. తుడవల్ల, రుద్దకూడదు, రుద్దితే వాసనంతా నీళ్ళలోనే పోతాది. కత్తి పెట్టలే. చేత్తో నిలువుగా చీల్చినాది, కోడిమాంసం చీరినట్ల పోగులు పోగులుగా వస్తాది అది. కొత్త చట్టిలో గంటెడు వెన్న వేసి, ఎర్రగడ్డలు రెండు, తెల్లగడ్డలు పది రెబ్బలు చితక్కొట్టి వేసె. అవి ఎర్రగైనాక పుట్టగొడుగులు. అవి వేసినాక నీళ్ళు పోయొద్దండి, తొందరపడొద్దు. మూత పెడితే అది తన నీళ్ళు తనే వదులుతాది. ఆ నీళ్ళే చారుకి ప్రాణం. అవి తెర్లి మరిగినాక అప్పుడు రెండు చెంబుల నీళ్ళు. మిరియాలు, జీలకర్ర, అల్లం రోట్లో కచ్చాపచ్చాగా నూరి వేసె. చింతపండు వేయలే, గొంతు పుండుగా ఉన్నోళ్ళకి పులుపు పనికిరాదు. ఆఖరుకి ఇంత రాగిపిండి నీళ్ళలో కలిపి, కలియబెడతా పోసింది. చారు చిక్కబడి, బుడగలు బుడగలుగా ఉడుకుతాంటే, ఇల్లంతా ఒక వాసన లేసెనంట. తడిసిన మట్టి వాసనా కాదు, మాంసం వాసనా కాదు, రెండూ కలిసినట్ల. గోడ అవతల అంకాలమ్మ ముక్కు పైకెత్తిందంట. తిప్పక్కకి మూడేండ్ల తర్వాత తన చెయ్యి తనకి తిరిగొచ్చినట్లాయె. గంటె పట్టుకున్న తీరే మారిపాయె, అట్ల నిటారుగా కూచునింది. ఒక గిన్నెలో పోసుకొని, అత్త కండ్లలోకి చూస్తా, అడుగంటా తాగింది. మిగిలినది ఒలకబోసింది, ఇంకెవరూ ముట్టకుండా.

ఆ పొద్దంతా ఏమైందంటే, రోగం అత్తకి, కాపలా కాసేదీ అత్తే! గడియకొకసారి "ఏమే, కడుపులో నొప్పుండాదా?" అంటాది. "నొప్పి లేదత్తా, ఆకలుండాది" అంటాది ఇది. "కండ్లు తిరగతాండాయా?" "తిరగలే." "ఈడికి రా, చెయ్యి చూపించు." చెయ్యి పట్టుకొని చూసేది, వెచ్చగా ఉండాదా లేదా అని. అట్ల పట్టుకొనే, ఇరవై ఐదేండ్లుగా ఎవరికీ చెప్పని మాట చెప్పినాదంట. కరువు సంవత్సరం, ఇంట్లో గింజ లేదు. అందరూ అడివిలో ఏదో ఒకటి ఏరుకొస్తాంటే తను గూడా పోయింది. తెల్లగా, నున్నగా, చూస్తే ముద్దొచ్చేట్లుండాయి. ఎవరో చెప్పినారంట, ఉడికేటప్పుడు వెండి వేస్తే, విషమైతే నల్లబడతాదని. కాలి కడియం తీసి వేసింది, నల్లబడలే. వండితే ఇంత కూరైంది. మొగుడు చేనుపని చేసొచ్చినాడు గదా అని అంతా ఆయనకే పెట్టి, తను ఉప్పునీళ్ళు తాగి పడుకునింది. "నేను గూడా తినింటే బాగుండేదే తిప్పా" అనె.

తిప్పక్క మెల్లిగా అడిగింది. "అత్తా, వాటిని ఎట్ల తెచ్చినావు? పీకినావా?" "లేదు. కొడవలితో కోసినా, మట్టి అంటకుండా." ఆ మాట వినంగానే తిప్పక్కకి అది ఏదో తెలిసిపాయె. చెప్పల్లనా, వద్దా? చెప్తే ముసిల్ది తట్టుకుంటాదా? చెప్పకపోతే, ఇంకొకతె ఇంకొక పొద్దు కొడవలి తీసుకొని పోతాది. లేచిపోయి, చాటలో మిగిలిన పుట్టగొడుగు ఒకటి తెచ్చి అత్త అరచేతిలో పెట్టినాది. "దీని వేరు చూడు, మూరెడు. పుట్ట కడుపులోకి దిగుంటాది. కాడకి ఉంగరం లేదు, అడుగున సంచి లేదు. మనిషిని చంపేది ఇంకొకటుండాది. అది పైన దీనికన్నా అందంగా ఉంటాది. అది గుడ్డులోంచి లేస్తాది అత్తా. ఆ గుడ్డుపెంకు మట్టిలోనే ఉండిపోతాది. కొడవలితో కోస్తే పెంకు కనపడదు. కడియానికి ఏమి తెలుస్తాది?" ఓబులమ్మ ఆ వేరును అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "అట్లయితే ఆయన్ని చంపింది నేనే గదా" అనె. "నాకు ఏడేండ్లు చెప్పేదానికి మా అమ్మ ఉండె. నీకు ఒక్క పొద్దు చెప్పేదానికి గూడా ఎవరూ లేకపాయె. నీకూ నాకూ అంతే తేడా" అన్నిందంట తిప్పక్క. ముసిల్ది గోడ పక్కకి తిరిగి ఏడ్చింది. ఇరవై ఐదేండ్ల ఏడుపు గదా, వాన మాదిరే చానాసేపు పడె. ఏడ్చి ఏడ్చి, చేతిలో ఆ పుట్టగొడుగు పట్టుకొనే నిద్రపోయింది.

తెల్లారె. ఓబులమ్మకి మెలకువొచ్చేసరికి పక్కన కోడలు లేదు. "తిప్పా!" అంటే, కొట్టంలోంచి, "పాలు పితకతాండా, ఉండత్తా!" అని గట్టిగా ఇనపడె. ఆ గొంతు విని ముసిల్ది చేతులెత్తి దండం పెట్టిందంట, దేవుడికో కోడలికో. తిప్పక్క నిన్న తాను తాగిన వేళ దాకా ఆగి, చాటలో మిగిలినవాటితో మళ్ళ అట్లనే, అదే చట్టిలో, అన్నీ అట్లనే వేసి కాచింది. అత్త తలకింద చెయ్యి పెట్టి లేపి, గిన్నె నోటికి అందించింది. ఒక గుక్క. ఆగి చూసిరి, బయటికి రాలే. ఇంకొక గుక్క. మూడో గుక్కకి ఓబులమ్మ గిన్నె తన చేతుల్లోకి తీసుకునె. గిన్నె ఖాళీ అయ్యేసరికి నుదుటిమీద చెమట బొట్లు. ఒక గొంగడి తీసేసె. ఇంకొక గిన్నెకి రెండో గొంగడి తీసేసె. మంచం కోళ్ళ చప్పుడు నిలిచిపాయె. కదిరప్ప వాకిట్లో నిలబడి చిన్నపిల్లోని మాదిరి ముక్కు చీదుకుంటాండాడు. "ఇంకా ఉండాదా?" అని అడిగిందంట ఓబులమ్మ. ఉండాది. ఎందుకుండదు?

అప్పుడే అంకాలమ్మ తలమీద చేతులు పెట్టుకొని వచ్చె, "అయ్యో అయ్యో, మళ్ళ అదే వండినారంటనే, ఈ ఇంటికి బుద్ధి రాదా" అని శోకం పెడతా. ఓబులమ్మ మంచంమీద లేచి కూచోని ఉండాది! "ఎందుకే అట్ల అరుస్తావు? పోయి గిన్నె తెచ్చుకో" అనె. అంకాలమ్మ తలమీది చేతులు కిందికి దించె. "ఎవరు... ఎవరు వండిరి?" "ఎవరేంది? నా కోడలు. తేనెబండ యల్లక్క కూతురు. ఏడేండ్లు నేర్చుకొని వచ్చిన పిల్ల, మన ఊరికి. మూడేండ్లు దాని చేతులు నేను కట్టేసినా. ఇంగ ఎవరన్నా దాన్ని ఒక్క మాటంటే నాతో చెప్పండి" అన్నిందంట, ఆ గొంతు వీధి చివరిదాకా పాయె. తిప్పక్క పొయ్యి ముందర తలొంచుకొని మంట ఊదతాండాది. మంట బాగనే మండతాండాది, ఊదే పని లేదు. ఆ మొహం ఎవరికీ కనపడకుండా ఊదుకునింది, పాపం.

మర్నాటికి ఊర్లో ఆడోళ్ళంతా వాకిట్లో. ప్రతి ఇంట్లోనూ చలిజరమే గదా. తిప్పక్క వాళ్ళను వెంటబెట్టుకొని ఊరి చుట్టూ ఉండే పుట్టలన్నిటి దగ్గరికీ పోయింది, కొడవలి తెచ్చినదాన్ని తెచ్చినట్లే ఇంటికి పంపించింది. ఒక్క రకమే చూపించింది ఆ ఏడు, పుట్టది. రెండోది వచ్చే ఏడు అనె. వాళ్ళమ్మ లెక్కే లెక్క. ముసురు విడిచేదాకా ఎర్రమానుపల్లెలో ప్రతి పొయ్యిమీదా అదే చట్టి, అదే వాసన. అన్ని ఊర్లలోనూ ఆ ముసురుకి ఎవరో ఒకరు పోయినారంట, ఈ ఊర్లో ఒక్క ప్రాణం పోలే. ఓబులమ్మ లేచి తిరగతానే అరుగుమీద కూచోని, ఎవరు పుట్టగొడుగులు తెచ్చినా తన ముందర పరిచి చూపించమనేదంట. వేరు లేనిది ఒక్కటుంటే ఆ గంపంతా కింద పోయించేది. ఎంత పెద్దింటి మనిషైనా సరే. ఆ తర్వాత ఇంకా పన్నెండేండ్లు బతికింది, ఎవరన్నా కొత్తోళ్ళు ఊరికొచ్చి మీరెవరమ్మా అనడిగితే, తన పేరు చెప్పేది కాదంట. "తిప్పక్క అత్తను" అనేది.

అదీ జరిగింది. ఇది విని రేపు పొద్దున మీరు గంపలెత్తుకొని గట్టుమీద పడొద్దు, చెప్తాండా. నేను గుర్తులు చెప్పినా గదా అని అసలే పోవద్దు. కథలో విన్న గుర్తులు కథ చెప్పేదానికే పనికొస్తాయి, చారు కాచేదానికి తెలిసినోళ్ళు పక్కనుండల్ల. నాకు డెబ్బై నాలుగేండ్లు. ఈ కథ ఎన్ని ఊర్లలో చెప్పినానో నాకే తెలీదు, ఇప్పటికీ ఒక్క పుట్టగొడుగు నా చేత్తో పీకలే. ఏరేది నాకు రాదు. తాగేది మాత్రం, మా తిప్పక్క ఊరోళ్ళు పోస్తే, మూడు గిన్నెలు తాగతా.